చెరువు గట్టు మీద కమిటీ: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

మే, మొదటి సమావేశం

ఊరి సమస్యల జాబితా చాలా పెద్దదే తయారైంది. బస్టాండులో నీడ, బజారులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, వెలగని వీధి దీపాలు, కోతులు, కుక్కలు, పాతపట్నం రోడ్డు మీద ట్రాఫిక్. వచ్చినవాళ్లంతా తలో రెండు సమస్యలు చెప్పారు. మాస్టారు ఓపిగ్గా అన్నీ రాసుకుని, చివర్లో ఒక్క ప్రశ్న వేశారు: "వీటిలో మనం రోజూ కళ్లతో చూసి, జరిగిందా లేదా అని మనమే చెప్పగలిగేది ఏది?" బజారుకూ మా వీధులకూ మధ్య ఉన్న చెరువు తేలింది. ఈ ఏడాదికి అదొక్కటే.

చెరువు అంటున్నాను గానీ మావాళ్లు బంద అంటారు, ఒడియా వాళ్లు పొఖరి అంటారు. నీళ్లు కనిపించి చాలాకాలమైంది. గుర్రపు డెక్క పచ్చగా పరుచుకుని, దూరం నుంచి చూస్తే పొలమే అనుకుంటారు. 1992లో పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం అయ్యాక ఊళ్లో ఆఫీసులు పెరిగాయి, ఇళ్లు పెరిగాయి, మురుగు పెరిగింది. చెరువు మాత్రం పెరగలేదు.

గడువు కూడా ఆ రోజే పెట్టుకున్నాం: కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున మన ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు, ఒడియా ఇళ్లవాళ్లు బొయితొ బందాణొకి చిన్న పడవలు వదులుతారు. ఇద్దరికీ నీళ్లు కావాలి. రెండు భాషల వాళ్లూ ఒకే రోజు, ఒకే చోట దిగే పండగ అదొక్కటే కాబట్టి, గడువు ఎందుకు అని ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

కూర్చున్నవాళ్లు: కిరాణా వర్తకులు ఇద్దరు, రెండు భాషల్లోనూ రాయగల మాస్టారు, మహిళా సంఘం కార్యదర్శి అక్క, కాలేజీలో ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) చూసే సారు, చెరువు లీజుకు తీసుకున్న చేపల బాబాయి, వార్డు కౌన్సిలర్ మేడమ్, పూజా కమిటీ కుర్రాళ్లు. నాది మందుల షాపు. సాయంత్రం దాకా కౌంటరులో కూర్చునే వాడినని మినిట్స్ రాసే పని నాకు తగిలించారు.

మే చివర: ఇది ఎవరిది?

పార పట్టకముందు కాగితం పట్టాలి. ఒడిశాలో ఇది కొంత సులువు. భూలేఖ్ వెబ్‌సైట్లో తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాటు నంబరు కొడితే ఖాతా ఎవరి పేరున ఉందో, కిసం (భూమి రకం) కాలమ్‌లో ఏం రాశారో కనిపిస్తుంది. అంతా ఒడియాలో ఉంటుంది కాబట్టి మాస్టారు పక్కన లేకపోతే నాకు తెల్లవారిపోయేది.

తేలిందేమంటే చెరువు గర్భం ఒకరిది, గట్టు మీది సిమెంటు బాట ఇంకొకరిది, అందులో కలిసే డ్రెయిన్ మున్సిపాలిటీది, ఆ డ్రెయిన్ దాటే కల్వర్టు రోడ్ల శాఖది, నీళ్లలో చేప లీజుదారుది. ఇంతమంది యజమానులున్న చెరువును ఎవరూ చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక్కొక్కరికి ఒక్కో దరఖాస్తు పెట్టాం. అందరికీ కలిపి ఒకటే రాద్దామని వర్తకుల వైపు నుంచి సలహా వచ్చింది. అలా రాస్తే ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసు వైపు చూపిస్తుందని మేడమ్ అడ్డుకున్నారు. ఆమె మాటే నిజం. విడివిడిగా రాసినవాటికి విడివిడిగా డైరీ నంబర్లు వచ్చాయి, మళ్లీ వెళ్లి అడగడానికి ఒక పట్టు దొరికింది.

అన్ని దరఖాస్తులూ ఒడియాలో, ఆఫీసు కాపీ మీద రసీదు ముద్రతో. వాటి తెలుగు నకళ్లు మా ఫైల్లో.

జూన్ మొదట్లో: ఒక పేజీ ఒప్పందం

సంఘంగా రిజిస్టర్ అవుదామా అని గంటసేపు చర్చ. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. కానీ రిజిస్టర్ అయ్యాక ఏటా లెక్కలు, ఎన్నికలు, అధ్యక్ష పదవి. పదవి పుట్టిన మర్నాడే గొడవ పుడుతుందని చేపల బాబాయి అన్నాడు. ఆయన ఇదివరకు ఏదో సహకార సంఘంలో ఉండి వచ్చిన మనిషి. ప్రస్తుతానికి వద్దనుకున్నాం.

బదులుగా ఒక పేజీ రాసుకున్నాం. ఎవరు ఏం తెస్తారు, ఎవరు ఏం చెయ్యరు. వర్తకులు నెలకు మనిషికి వంద రూపాయలు, తాళ్లు, బుట్టలు. కాలేజీ పిల్లలు శని, ఆదివారాలు. మున్సిపాలిటీ ట్రాక్టరు. లీజుదారు తెప్ప, లోతు ఎక్కడెంతో తెలిసిన అతని మనుషులు. "ఏం చెయ్యరు" అన్న భాగమే నాకు ముఖ్యంగా అనిపించింది: బ్యానరు మీద ఏ పార్టీ బొమ్మా ఉండదు, చెరువు డబ్బుతో భోజనాలు ఉండవు, ఈత రానివాళ్లెవరూ మోకాలి లోతు దాటరు.

డబ్బు లెక్క కిరాణా షాపు గోడ మీద, అందరికీ కనిపించేలా కాగితం అంటించాలి. వాట్సాప్‌లో పెడితే కిందకు వెళ్లిపోతుంది, గోడ మీదిది అక్కడే ఉంటుంది.

జూన్, వానలకు ముందు

డెక్క గురించి చేతులతో నేర్చుకున్నవి రాస్తున్నాను, ఇంకో ఊరివాళ్లకు పనికొస్తాయి.

ఇది దక్షిణ అమెరికా మొక్క. మురుగు పోషకాలు, ఎండ దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. అంటే సగం తీసి "మిగతాది వచ్చే నెల" అనుకుంటే, వచ్చే నెలకు మళ్లీ మొత్తం సిద్ధం. అందుకని చెరువును వెదురు గడలు, తాళ్లతో భాగాలుగా విడదీసి, ఒక భాగం పూర్తిగా ఖాళీ అయ్యాకే తాడు ముందుకు జరపాలి. ఈ ఉపాయం చేపల బాబాయిది. ఆ తాడు లేకపోతే పొద్దున్న తీసిన చోటికి సాయంత్రం గాలి కొత్త డెక్కను తోసుకొస్తుంది.

బరువులో తొంభై శాతానికి పైగా నీరే. తీసినదాన్ని తీసినట్టే ట్రాక్టరుకెక్కిస్తే నీళ్లు మోసినట్టే. గట్టు మీద వాలుగా పరిచి, నాలుగైదు ఎండలు తగిలాక ఎత్తితే ట్రిప్పులు బాగా తగ్గుతాయి. అయితే గట్టు అంచునే పరిస్తే ఒక్క జల్లుకు మళ్లీ నీళ్లలోకి జారుతుంది, రెండు బారలు పైకి వెయ్యాలి. వేళ్ల గుత్తుల్లో పాములుంటాయి. వట్టి చేత్తో లాగడం వద్దు. కొక్కేల కర్ర, మోకాళ్ల దాకా బూట్లు.

మందు కొట్టేద్దామన్నవాళ్లూ ఉన్నారు. కొడితే డెక్క అక్కడే కుళ్లి, కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది, చేప తేలిపోతుంది. లీజుదారు లేచి నిలబడ్డాడు, ఆ చర్చ అక్కడితో ఆగింది. చెరువు ఎండగట్టడానికీ ఆయన ఒప్పుకోలేదు. చేతితో తీయడానికి మాత్రం మాకంటే ఎక్కువ పట్టుదల ఆయనదే. పైన కప్పేస్తే చేపకు ఊపిరాడదు కదా.

ఎంత తీసినా గింజలు అడుగు బురదలో పదిహేనేళ్లకు పైగా బతికి ఉండగలవు. కాబట్టి "చెరువు శుభ్రమైపోయింది" అని ఎవరూ ఫేస్‌బుక్‌లో పెట్టకూడదని తీర్మానం. పెట్టారనుకోండి, అది వేరే సంగతి.

జూన్ నెలాఖరు: కూలి మాట

ఇది కొంచెం విపులంగా రాయాలి.

మున్సిపాలిటీ పారిశుధ్య పనిచేసే ఒకామె గట్టు మీద నిలబడి మా హడావుడి చూస్తోంది. మన తెలుగామే. కాలేజీ పిల్లలు డ్రెయిన్ నోట్లోని చెత్త బుట్టలకెత్తుతున్నారు, ఎవరో వీడియో తీస్తున్నారు. ఆమె మాస్టారి దగ్గరికొచ్చి, "ఏటి బాబూ, మీరిలా ఊరికే చేసీస్తే రేపు మాకేటి మిగుల్తాది? మీరున్నారు కదా అని మా మనుషుల్ని తగ్గించీరా?" అంది.

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ సాయంత్రం దీని మీదే మాట్లాడుకున్నాం. డ్రెయిన్ తీయడం జీతానికి చేయాల్సిన పని, దానికి బడ్జెట్ ఉంటుంది. మేం ఉచితంగా చేస్తే ఆ పద్దు కింద మనుషుల్ని వెయ్యమని అడిగేవాళ్లు ఉండరు. ఏడాదికో ఆదివారం మేం చేసే పనిని ఆమె ఏడాదంతా చేయాలి. సేవ పేరు మీద ఒకరి కూలిని మాయం చేసే హక్కు మాకెవరిచ్చారు?

అప్పటి నుంచి పనులను రెండు కుప్పలు చేశాం. కూలి ఇవ్వాల్సిన పనులు: డ్రెయిన్, పూడిక, ట్రాక్టరు లోడు, రోజువారీ ఊడుపు. వీటికి మా పని, డబ్బు వచ్చేలా చూడటం. కాగితం రాయడం, వెంటపడటం, కొలత దగ్గర నిలబడటం. కూలి ఉండని పనులు: కాపలా, ఇళ్ల చుట్టూ తిరిగి చెప్పడం, ఫోటో, లెక్క. అవి మావి. డెక్క రెండింటి మధ్యా పడింది. మొదటి భాగం పిల్లలు తీశారు, మిగతా చెరువు కూలికే తీయించాలని నిర్ణయం.

డబ్బుకు దారి ఉంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో పని పోయిన పట్టణ కూలీల కోసం ఒడిశాలో 114 పట్టణాల్లో ఒక పథకం మొదలైంది, తర్వాత దానికే ముక్త అని పేరు. కాంట్రాక్టరు లేకుండా మహిళా సంఘాలకు, బస్తీ సంఘాలకు నేరుగా చిన్న పనులు ఇవ్వడం దాని పద్ధతి. వాన నీటి కాలవలు, చెరువుల బాగు అందులోకి వస్తాయి. సంఘం అక్క ఇదివరకే ఇలాంటి పని ఒకటి చేయించి ఉన్నారు. 2001లో మహిళా సంఘాల పథకం మిషన్ శక్తి మొదలైనప్పటి నుంచి సంఘాల్లో ఉన్నారు, జేఈ (జూనియర్ ఇంజనీరు) కొలత పుస్తకం చదవడం మాకెవరికీ రాదు, ఆమెకు వచ్చు. దరఖాస్తు ఆమె సంఘం పేరు మీద వెళ్లింది.

జూలై

రథయాత్ర. ఎవరూ రాలేదు, రమ్మని మేమూ అడగలేదు.

తరవాతి వారం వాన. డ్రెయిన్ చెరువులోకి ఏం తెస్తుందో గొడుగులేసుకుని నిలబడి చూశాం. కవర్లు, టిఫిన్ ప్లేట్లు, కొబ్బరి డొక్కలు, పైన సబ్బు నురగ. డెక్కకు తిండి పెడుతున్నది ఈ నీళ్లే. పైన ఎంత లాగినా ఇది ఆగకపోతే లాభం లేదు. కల్వర్టు దగ్గర ఇనుప జాలీ, దాని ముందు మట్టి దిగడానికి చిన్న గుంట కావాలని అడిగాం. జాలీ పెడితే వానకు చెత్త అడ్డుపడి రోడ్డెక్కుతుందని జేఈ గారి భయం. న్యాయమైన భయమే. వానాకాలంలో రోజూ జాలీ శుభ్రం చేయడానికి మనిషి పేరు రాసిస్తే పెడతామన్నారు. ఆ మనిషి జీతం మున్సిపాలిటీది, రాకపోతే ఫోన్ చేసే బాధ్యత మాది. వర్తకులిద్దరూ వంతులేసుకున్నారు, వాళ్ల షాపుల్లోంచి జాలీ కనిపిస్తుంది.

టిఫిన్ హోటళ్లకు మేడమ్ వెళ్లారు. అప్పటికి అమల్లో ఉన్న 2016 నిబంధనల ప్రకారం తడి, పొడి, ప్రమాదకర చెత్త మూడూ విడివిడిగా ఇవ్వాల్సి ఉండేది. తడి చెత్త మున్సిపాలిటీ ఎరువు కేంద్రానికి వెళ్తే మో ఖత పేరుతో ఎరువై బయటికొస్తుంది. ఇడ్లీ కొట్టు యజమాని చెరువు కబురు విని తలూపాడు, జరిమానా కబురు విని రెండో డబ్బా కొన్నాడు.

ఆగస్టు

జనం పల్చబడ్డారు. మొదటి ఉత్సాహం పోయాక మిగిలేవాళ్లే పనివాళ్లని మాస్టారి ఓదార్పు. ఎన్నెస్సెస్ పిల్లలు మాత్రం వదల్లేదు. ఏడాదికి 120 గంటలు చూపించాలి, సారు గంటలు రాసి సంతకం పెడుతున్నారు. దాన్ని స్వార్థమంటూ వర్తకుల్లో ఒకరు నవ్వారు. నా దృష్టిలో అదే మంచిది. పిల్లవాడికి దక్కేది స్పష్టంగా ఉంటే వచ్చే బ్యాచీ కూడా వస్తుంది.

ఇంటింటికీ తిరిగేటప్పుడు ఇంకో చిక్కు. ఆంధ్రలో 2019 నుంచి కొన్నేళ్లు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున కుర్రాళ్లు పింఛను గుమ్మంలోకి తెచ్చిచ్చారు. సరిహద్దు అవతల పాతపట్నం వైపు చుట్టాలున్న ముసలివాళ్లందరికీ అది తెలుసు. చేతిలో రిజిస్టరుతో మేం కనపడగానే "నా పేరు రాసుకో బాబూ, వేలిముద్ర ఎక్కడెయ్యాలి?" అని బయటికొస్తున్నారు. చెరువు కోసమంటే మొహం చిన్నబోతోంది. ఇప్పుడు సంఘం అక్కల్లో ఒకరు వెంట వచ్చి, ఒడిశా పింఛను దరఖాస్తు ఏ ఆఫీసులో ఇవ్వాలో చెబుతున్నారు. మా పని కాదు, నిజమే. కానీ ఆ రెండు మాటలు చెప్పాక మూడో మాటగా చెత్త సంగతి వింటున్నారు.

29న తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊరు, సవర గిరిజనుల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టిన మనిషి. సభ పెట్టకపోతే ఎలా అని గ్రూపులో మెసేజీలు. చెరువు గట్టు మీదే చేద్దాం, మైకు ఖర్చు మన ఫండ్ లోంచి అని. కమిటీలో సగంమంది ఒడియావాళ్లు, వాళ్లలో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం చెప్పింది మాస్టారే: "సభకు నేనూ వస్తాను, పూలదండ నేనే తెస్తాను. చెరువు డబ్బు మాత్రం ముట్టుకోవద్దు." సభ బాగా జరిగింది, విడిగా చందాలతో.

సెప్టెంబరు

పని ఉత్తర్వు సంఘం పేరున వచ్చింది. రెండో భాగం నుంచి డెక్క కూలికి లాగుతున్నారు. ఆ రోజు గట్టు మీద మమ్మల్ని అడిగిన ఆమె చెల్లెలు కూడా ఈ ముఠాలో ఉంది.

ఇంతలో వినాయక చవితి. తర్వాత దుర్గాపూజ. ఖాళీ చేసిన నీళ్లలోకే బొమ్మలు దిగుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బొమ్మలు వద్దంటాయి, నిమజ్జనానికి విడిగా గుంటలు తవ్వమంటాయి. కాగితం చదివి వినిపిస్తే పూజా కమిటీ కుర్రాళ్లు వినరు, వినాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. వాళ్లు మా టేబుల్ దగ్గర మే నెల నుంచీ కూర్చోవడం వల్లే ఇది తెగింది. గుంట ఎక్కడ తవ్వాలో వాళ్లే చూపించారు: ఊరేగింపు ఆగే చోటు, లైటింగు ఉన్న చోటు, డప్పులు తిరగడానికి జాగా ఉన్న చోటు. మున్సిపాలిటీ తవ్వింది. పత్రి, బట్టలు, పూలు ముందే తీసి వేరే కుప్ప వెయ్యడానికి పూజారి గారు ఒప్పుకున్నారు.

ఒక వీధి బొమ్మ మాత్రం రాత్రి చెరువులోకే వెళ్లింది. ఏ వీధో అందరికీ తెలుసు, మినిట్స్‌లో రాయలేదు.

అక్టోబరు

వాయుగుండం హెచ్చరిక రెండుసార్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లా కొండలన్నీ ఊడ్చిపారేశాక, ఆ నెల వస్తే ఊళ్లో ఒక టెన్షన్. పని ఆపి తాళ్లు, తెప్ప గట్టెక్కించాం. రెండుసార్లూ ఒట్టి వాన. జాలీ దగ్గర నీళ్లు రోడ్డెక్కలేదు, జేఈ గారికి ఫోటో పంపాం.

పౌర్ణమికి ముందు

ఒడియా ఇళ్లలో కార్తీకంలో చేప ముట్టరు. చివరి ఐదు రోజులు పంచుకొ, అప్పుడు కొంగ కూడా చేప తినదని సామెత. చేపల బాబాయికి బేరాల్లేవు, మనుషులు ఖాళీ, కాబట్టి ఘాటు మెట్ల దగ్గర పాకుడు గీకించడానికి ఇదే సమయమని ఆయనే అన్నాడు. కూలి గోడ మీద లెక్కలో రాశాం.

ఇంకో సంగతి పడవలు. ఒకప్పుడు అరటి బోదెతో చేసేవాళ్లు, ఇప్పుడు బజారంతా థర్మోకోల్, రంగు కాగితం. అవి మర్నాడు కొట్టుకొచ్చి మెట్ల దగ్గర పేరుకుంటాయి. వద్దని బోర్డు పెట్టడం కంటే వేరేది అమ్మడం మేలని అక్క ఆలోచన. గెల కోసేశాక తోటల్లో పడి ఉండే బోదెలు రైతుల దగ్గర తెచ్చి, సంఘం ఆడవాళ్లు వెదురు పుల్లలతో పడవలు, దొప్పలు చేసి ఘాటు దారిలోనే అమ్మకానికి పెట్టారు. ధర థర్మోకోల్ కంటే తక్కువ పెట్టడానికి వర్తకులు పుల్లలు, వత్తులు కొన్న ధరకే ఇచ్చారు. లాభం సంఘానిది, కమిటీకి వాటా లేదు.

పౌర్ణమి మర్నాడు

తెల్లవారుజామున మూడింటికే జనం. కాలేజీ పిల్లలు తాడు పట్టుకుని మెట్ల దగ్గర, బాబాయి మనుషులు తెప్ప మీద. ఒకరిద్దరు జారారు, ఎవరికీ ఏమీ కాలేదు. అరటి పడవలు ఐదింటికే అయిపోయాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లు బజారు పడవలే తెచ్చారు, కాబట్టి థర్మోకోల్ ఈసారీ ఉంది. వచ్చే ఏడు ఎక్కువ చేయాలి. ఎత్తడానికి మనుషులు, ట్రాక్టరు ఏడింటికల్లా వచ్చారు, పండగ పూట పనికి అదనపు కూలి ముందే మాట్లాడి ఉంచాం. అరటి బోదెలు ఎరువు కేంద్రానికి, మిగతాది పొడి చెత్తకు.

డిసెంబరు

చెరువు మూడొంతులు నీళ్లు, ఉత్తరపు మూల ఇంకా డెక్కే. సంఘానికి మొదటి బిల్లు వచ్చింది. రెండోది కొలత దగ్గర ఆగింది, అక్క వారం వారం వెళ్తున్నారు. ఒక వర్తకుడు చందా ఆపేశాడు, కారణం చెప్పలేదు, గోడ మీది కాగితంలో ఆయన గడి ఖాళీగా ఉంది.

చేపల లీజు మార్చితో అయిపోతుంది. కొత్త లీజు ఎవరికి దక్కినా, నెలనెలా డెక్క తీయించే షరతు పత్రంలోనే ఉండాలని, ఆ ఖర్చు పోను పాట ధర కట్టాలని మున్సిపాలిటీ ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు) గారికి దరఖాస్తు ఇచ్చాం. బాబాయి కూడా దాని మీద సంతకం పెట్టాడు, పాటలో ఆయనే పాడతాడు కాబట్టి ధర తగ్గితే మంచిదే. డైరీ నంబరు తీసుకున్నాం. జనవరి మొదటి ఆదివారం సమావేశంలో మొదటి అంశం అదే, రెండోది బజారులో ఆడవాళ్ల మరుగుదొడ్డి స్థలం ఏ ఖాతాలో ఉందో చూడటం.